కొన్న ధర, మోసే జీతం

బజర్‌బీటర్‌లో కొత్తగా జట్టు చేతికొచ్చినవాళ్లు ముందు ఖాతాలో ఎంతుందో చూస్తారు. తర్వాత బదిలీ జాబితా తెరిచి, ఆ డబ్బుకు దొరికే వాళ్లలో అందరికన్నా మేటి ఆటగాడి మీద పాట పెడతారు. పాట గెలుస్తారు. రెండు మూడు మ్యాచ్‌లు కూడా గెలుస్తారు. సీజను సగానికొచ్చేసరికి ఖాతా ఖాళీ అవుతూ ఉంటుంది, ఎందుకో అంతుపట్టదు. ఆటగాణ్ని కొన్న ధర ఒక్కసారే చేతి నుంచి పోతుంది, మళ్లీ అమ్మినప్పుడు అందులో చాలాభాగం వెనక్కి రావచ్చు. జీతం మాత్రం వారం వారం పోతుంది, పోయినదాంట్లో ఒక్క పైసా తిరిగి రాదు. కొత్తవాళ్లు మొదటి అంకెకు భయపడి రెండో అంకెను వదిలేస్తారు. భయపడాల్సింది రెండోదానికి.

ఈ ఆట గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. బజర్‌బీటర్ 2007లో మొదలైన బాస్కెట్‌బాల్ మేనేజ్‌మెంట్ ఆట. బ్రౌజరులో ఉచితంగా ఆడుకోవచ్చు. ఇందులో బంతి మీద మన చెయ్యి పడదు. ఎవర్ని ఆడించాలి, ఏ వ్యూహం పట్టాలి, ఎవరికి ఏ శిక్షణ ఇవ్వాలి, టికెట్ ఎంతకమ్మాలి, ఎవర్ని కొనాలి, ఎవర్ని వదులుకోవాలి అన్నవే మన చేతిలో ఉంటాయి. మ్యాచ్‌ను కంప్యూటరు నడుపుతుంది. పదహారు జట్ల లీగు, పద్నాలుగు వారాల సీజను. ఎదుటి జట్టు వెనక ఎక్కడో ఒక దేశంలో మనలాంటి మనిషే కూర్చుని ఉంటాడు. వేలంలో మన మీద పాట పెంచేది కూడా అతనే. అందుకే ఆటగాళ్లు కల్పితమైనా వాళ్లకు పలికే ధరలు నిజమైన సంతలో ధరల్లాగే ప్రవర్తిస్తాయి.

తెలుగు పాఠకుడికి వేలం అనగానే ఐపీఎల్ గుర్తొస్తుంది. 2023 డిసెంబరులో దుబాయ్ వేలంలో సన్‌రైజర్స్ హైదరాబాద్ ప్యాట్ కమిన్స్‌ను 20.50 కోట్లకు పాడుకుంది. ఆ పాట మొత్తమే కమిన్స్ జీతం. కొన్న ధర, జీతం రెండూ అక్కడ ఒకటే. బజర్‌బీటర్‌లో పాట సొమ్ము ఆటగాడికి ముట్టదు, అమ్మిన జట్టుకు పోతుంది. ఆటగాడి జీతం విడిగా, వేలంతో సంబంధం లేకుండా ముందే ఖరారై ఉంటుంది. ఈ పద్ధతి యూరప్ ఫుట్‌బాల్‌ది. 2017లో నెయ్‌మార్‌ను తెచ్చుకోడానికి పారిస్ సెయింట్ జర్మేన్ బార్సిలోనాకు 22.2 కోట్ల యూరోలు కట్టింది, అతని జీతం దానికి అదనం. అమెరికా ఎన్‌బీఏలో మామూలుగా ఆటగాణ్ని ఇచ్చి ఆటగాణ్ని తెచ్చుకోవడమే ఉంటుంది, ఇలా క్లబ్బుకు క్లబ్బు భారీ సొమ్ము చెల్లించి కొనుక్కోవడం ఉండదు. అంటే బజర్‌బీటర్ కోర్టులో ఆడేది బాస్కెట్‌బాల్, బజారులో నడిచేది ఫుట్‌బాల్ పద్ధతి. 1997లో స్వీడన్‌లో పుట్టిన హ్యాట్రిక్ అనే ఫుట్‌బాల్ మేనేజరు ఆటలోనూ ఇదే పద్ధతి.

ఇక జీతం ఎలా తేలుతుందో చూద్దాం. ఇక్కడ బేరం లేదు, ఏజెంటుతో చర్చల్లేవు, ఆటగాడు అలిగి వెళ్లిపోయే ఒప్పందం లేదు. అతని నైపుణ్యాలను ఒక సూత్రంలో పెడితే వచ్చే అంకే జీతం. ప్రధానమైన నైపుణ్యాలు పది: షాట్, షాట్ దూరం, బయటి డిఫెన్స్, బంతి మీద పట్టు, డ్రైవింగ్, పాసింగ్, లోపలి షాట్, లోపలి డిఫెన్స్, రీబౌండింగ్, షాట్ బ్లాకింగ్. గార్డు నుంచి సెంటరు దాకా అయిదు స్థానాలకు ఒక్కో నైపుణ్యానికి ఒక్కో తూకం. ఏ స్థానం లెక్కన ఎక్కువ జీతం వస్తుందో ఆ లెక్కే ఖాయం చేస్తారు. సీజను మారినప్పుడు జీతాలు కొత్తగా లెక్కకడతారు, మళ్లీ సీజను మారేదాకా అవి కదలవు.

ఈ సూత్రానికి రెండు లక్షణాలున్నాయి. బజారు మొత్తం వాటి చుట్టూనే తిరుగుతుంది.

మొదటిది, నైపుణ్యం ఒక మెట్టు పెరిగితే జీతం ఒకే మొత్తం చొప్పున కాకుండా ఉన్న జీతం మీద శాతం లెక్కన పెరుగుతుంది. కింది మెట్ల దగ్గర ఈ తేడా కంటికి ఆనదు. పైకి వెళ్లేకొద్దీ ఒక్కో మెట్టుకూ పడే భారం పెరిగిపోతుంది. లోపలి షాట్, లోపలి డిఫెన్స్, రీబౌండింగ్ మూడూ ఆకాశాన్నంటే సెంటరు ఒక్కడి జీతంతో మంచి ఆటగాళ్లను ముగ్గుర్నో నలుగుర్నో పోషించవచ్చు. ఆ సెంటరు కోర్టులో ముగ్గురి పెట్టు ఆడతాడా అంటే ఆడడు. అతను ఆక్రమించేది ఒక్క స్థానమే.

రెండోది ఇంకా ముఖ్యం. సూత్రం ఒక స్థానానికి సంబంధించిన నైపుణ్యాలకే గట్టి తూకం వేస్తుంది. గార్డుకు రీబౌండింగ్ వచ్చినా, సెంటరుకు పాసింగ్ వచ్చినా జీతం మీద పడే భారం స్వల్పం. కోర్టులో మాత్రం ఆ గుణం పనిచేస్తుంది. బంతి పట్టు, పాసింగ్ ఉన్న సెంటరు చేతిలో బంతి ఊరికే పోదు. లోపలి డిఫెన్స్ తెలిసిన గార్డు ఎదుటివాడు బుట్ట దగ్గరికి దూసుకొచ్చినప్పుడు నిలబడగలడు. ఓపిక, ఫ్రీ త్రో జీతం లెక్కలోకే రావు. నలభై ఎనిమిది నిమిషాల మ్యాచ్‌లో చివరి క్వార్టరు నెగ్గించేవి చాలాసార్లు ఈ రెండే. సూత్రం వేసే విలువకూ కోర్టులో దక్కే విలువకూ మధ్య ఇలా ఒక సందు ఉంది. మంచి మేనేజరు సీజనంతా ఆ సందును వెతుకుతూ ఉంటాడు. నన్నడిగితే ఈ ఆటలో అసలైన తెలివంతా అక్కడే ఉంది, వ్యూహాల ఎంపిక దాని తర్వాతి సంగతి.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకు పెట్టుకున్నవి. దాదాపు ఒకేలా ఆడే ఇద్దరు ఫార్వర్డులు అమ్మకానికున్నారనుకోండి. మొదటివాడికి ముప్ఫై దాటాయి, పేరున్న నైపుణ్యాలన్నీ రెండు మూడు చోట్లే పోగుపడ్డాయి. ధర 10 లక్షల డాలర్లు, వారానికి జీతం 40 వేలు. రెండోవాడు ఇరవై అయిదేళ్లవాడు, నైపుణ్యాలు పదిచోట్లా పరుచుకుని ఉన్నాయి. ధర 16 లక్షలు, వారానికి జీతం 20 వేలు. కొత్త మేనేజరు మొదటివాణ్ని కొని ఆరు లక్షలు మిగిలాయని సంతోషిస్తాడు. పద్నాలుగు వారాలు తిరిగేసరికి మొదటివాడి జీతం 5 లక్షల 60 వేలు, రెండోవాడిది 2 లక్షల 80 వేలు. సీజను చివర ఇద్దర్నీ అమ్మాలనుకుందాం. వయసు మీదపడ్డవాడు 7 లక్షలకు పోతాడు, అంటే 3 లక్షలు నష్టం. కుర్రవాడి మీద కోతలన్నీ పోను 14 లక్షల 50 వేలు చేతికొస్తాయి, నష్టం లక్షన్నర. ఇప్పుడు కలపండి. మొదటివాడి ఆట కోసం ఖర్చయింది 8 లక్షల 60 వేలు. రెండోవాడికి 4 లక్షల 30 వేలు, సరిగ్గా సగం. చౌకగా దొరికినవాడే రెట్టింపు ఖరీదు పడ్డాడు.

పాడిగేదెను సంతలో కొన్న రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. గేదె ధర మళ్లీ సంతలో రాబట్టుకోవచ్చని, మేత ఖర్చు రాబట్టుకోలేమని అతనికి తెలుసు. పూటకు ఎన్ని పాలిస్తుంది, ఎంత మేస్తుంది, ఈనాక ఎంతకు పోతుంది అన్న మూడూ కలిపి చూసే బేరమాడతాడు.

అయితే చాలామందికి తట్టని చిక్కు ఒకటుంది. జీతం తక్కువ, ఆట ఎక్కువ ఉన్న ఆటగాడు దొరికితే అది లాభమేగా అనుకుంటాం. ఆ సంగతి వేలంలో కూర్చున్న మిగతావాళ్లకూ తెలుసు. కాబట్టి అతని జీతంలో మిగిలే డబ్బంతా పాటలోకి ఎక్కుతుంది. జీతం ఎంత తక్కువైతే ధర అంత పెరుగుతుంది, లాభం కొన్నవాడికి కాకుండా అమ్మినవాడికి దక్కుతుంది. అమెరికా ఆర్థికవేత్త సైమన్ రాటెన్‌బర్గ్ 1956లో బేస్‌బాల్ మీద రాసిన వ్యాసంలో దీనికి దగ్గరి మాటే చెప్పాడు. నిబంధనలు ఆటగాణ్ని ఒక క్లబ్బుకు కట్టేసినా, క్లబ్బులు హక్కుల్ని కొనుక్కోగలిగినంత కాలం ఆటగాడు తన విలువ ఎక్కువగా ఉన్న చోటికే చేరతాడు, నిబంధన తేల్చేది ఆ విలువ ఎవరి జేబులో పడాలన్నదేనని ఆయన వాదన. బజర్‌బీటర్ ఆయన మాటకు మంచి ప్రయోగశాల. ఇక్కడ ఆటగాడి జేబు అన్నదే లేదు కాబట్టి మొత్తం అమ్మకందారుకే.

ఎన్‌బీఏలో ఇది వేరేగా తేలుతుంది. అక్కడ జట్టు జీతాలకు పరిమితి ఉంది, 1984-85లో అది 36 లక్షల డాలర్లతో మొదలైంది. ఒక్కో ఆటగాడికి గరిష్ఠ జీతం అతని సీనియారిటీని బట్టి ఆ పరిమితిలో 25, 30, లేదా 35 శాతం. స్టీఫెన్ కర్రీ 2012లో చీలమండ గాయాల అనుమానాల మధ్య నాలుగేళ్లకు 4.4 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందం నడుస్తుండగానే 2015, 2016లో వరసగా లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. కొత్త టీవీ ఒప్పందంతో 2016లో జీతాల పరిమితి 7 కోట్ల నుంచి ఒక్కసారిగా 9.41 కోట్లకు లేచింది. ఆ పెరిగిన జాగా, కర్రీ తక్కువ జీతం రెండూ కలిసొచ్చి అతని జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ మరో మేటి ఆటగాడు కెవిన్ డురాంట్‌ను కూడా తెచ్చుకోగలిగింది. అంతకుముందు సీజనులో 73 మ్యాచ్‌లు నెగ్గిన జట్టు అది. కర్రీ జీతంలో మిగిలిన విలువను ఎవరికీ ధర రూపంలో చెల్లించాల్సిన పని లేదు కాబట్టి అది జట్టు దగ్గరే ఉండిపోయింది. బజర్‌బీటర్‌లో అలాంటివాణ్ని కొనాలంటే ముందే ఆ విలువంతా కక్కాలి.

మరి ఇక్కడ లాభం ఎలా? సొంతంగా తయారుచేసుకోవడం ఒక్కటే నమ్మకమైన దారి. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని కొనో, డ్రాఫ్టులో తెచ్చుకునో వారం వారం ఒక నైపుణ్యంలో శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణ అందాలంటే అతను ఆ స్థానంలో మ్యాచ్ ఆడాలి, సరిపడా నిమిషాలు కోర్టులో ఉండాలి. చిన్న వయసులో శిక్షణ త్వరగా ఒంటబడుతుంది. పొడగరికి లోపలి ఆట, పొట్టివాడికి బయటి ఆట సులువుగా వస్తాయి. ఒక్కొక్కరికి ‘పొటెన్షియల్’ అని ఒక గట్టు ఉంటుంది, అక్కడికి చేరాక ఎంత నేర్పినా నత్తనడకే. ఇందులో ఒక ధర్మసంకటం ఉంది. శిక్షణ కోసం కుర్రాణ్ని ఆడిస్తే ఈ రోజు మ్యాచ్ బలహీనపడుతుంది. గెలుపు కోసం పెద్దవాణ్ని ఆడిస్తే కుర్రాడు ఎదగడు. శిక్షణ ఖర్చు లెక్కకట్టేటప్పుడు ఓడిన మ్యాచ్‌లనూ, తగ్గిన టికెట్ అమ్మకాలనూ కలపాలి. చాలామంది కలపరు.

ఎదిగే కుర్రాడిలో ఇంకో విశేషం ఉంది. సీజను మధ్యలో నైపుణ్యం పెరిగినా జీతం పాతదే నడుస్తుంది. అంటే సీజను చివరి వారాల్లో అతను తన జీతం కన్నా బాగా ఎక్కువ ఆడుతుంటాడు. సీజను మారగానే లెక్క సరిచేస్తారు, జీతం ఒక్కసారి ఎగురుతుంది. జాబితాలో చూసిన జీతమే ఉంటుందనుకుని సీజను చివర కొన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఆ సమయంలో కొనేటప్పుడు కనబడే జీతాన్ని నమ్మకుండా నైపుణ్యాలను బట్టి రాబోయే జీతాన్ని అంచనా వేసుకోవాలి. ప్లేఆఫ్‌లకు ముందు బలం కోసం అందరూ ఎగబడతారు, ధరలు ఎక్కుతాయి. సీజను ముగిశాక బరువు దించుకునేవాళ్లు ఎక్కువ, ధరలు దిగుతాయి. వారం లెక్కలు తేలే రోజును కూడా చూసుకోవాలి. జీతాలు కోసే ముందు పాట ముగిస్తే ఆ వారం జీతం కొన్నవాడి నెత్తిన పడుతుంది, ఆ తర్వాత ముగిస్తే అమ్మినవాడు మోసేశాడు. పెద్ద జీతగాడి విషయంలో ఒక్క పూట తేడా చిన్నదేమీ కాదు.

వేలం ముగిసే తీరు గురించి చెప్పాలి. చివరి నిమిషాల్లో పాట పడితే గడువు మరికొన్ని నిమిషాలు పొడిగిస్తారు, అందరూ ఆగేదాకా ఇలా సాగుతుంది. ఇంత చిన్న నియమం ఎంత పనిచేస్తుందో ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధన చూపించింది. ఈబేలో వేలం గడియారం ప్రకారం కచ్చితంగా ముగిసేది, అక్కడ జనం ఆఖరి క్షణందాకా మాటుగాసి పాడేవాళ్లు. అమెజాన్ అప్పట్లో నడిపిన వేలాల్లో చివరి పది నిమిషాల్లో పాట పడితే గడువు పెరిగేది, అక్కడ మాటుగాయడం బాగా తక్కువ. గడువు పెరిగే వేలం అమ్మేవాడికి న్యాయం చేస్తుంది, వేరే కాలమానంలో ఉన్న ప్రత్యర్థికి జవాబు చెప్పే అవకాశమిస్తుంది. దానికో ప్రమాదమూ ఉంది. పాట మీద పాట పెరుగుతున్నప్పుడు మనిషి ఆటగాణ్ని మరిచిపోయి ఎదుటివాడి మీద గెలవాలనుకుంటాడు. 1971లో అమెరికా చమురు ఇంజినీర్లు ముగ్గురు, కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, సముద్రపు చమురు క్షేత్రాల వేలాలను పరిశీలించి చెప్పింది ఇక్కడికీ వర్తిస్తుంది. విలువ ఎవరికీ కచ్చితంగా తెలియని వస్తువును అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడే పాడుకుంటాడు, అంటే అందరికన్నా ఎక్కువ పొరబడినవాడే గెలిచే అవకాశం ఎక్కువ. అందుకని పాటలో దిగకముందే గరిష్ఠ ధర కాగితం మీద రాసుకోవడం మంచిది. రాసుకున్నాక దాన్ని దాటకూడదు.

ఇక ఒక్కొక్క జట్టును దాటి మొత్తం ఆటను చూస్తే, డబ్బు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ మాయమవుతుంది అన్నది అసలు ప్రశ్న. టికెట్లు, టీవీ ఒప్పందం, జెర్సీల అమ్మకం ద్వారా ఆట కొత్త డబ్బును పుట్టించి జట్లకు పంచుతుంది. ఒక జట్టు ఇంకో జట్టుకు కట్టే పాట సొమ్ము చేతులు మారుతుందంతే. జీతం అలా కాదు. నిజ జీవితంలో ఆటగాడు జీతంతో ఇల్లు కొంటాడు, పన్ను కడతాడు, డబ్బు తిరుగుతూనే ఉంటుంది. ఈ ఆటలో జీతంగా కట్టిన డబ్బు ఎవరికీ చేరదు, లోకంలోంచే చెరిగిపోతుంది. సిబ్బంది జీతాలు, స్టేడియం కట్టడం, అమ్మకం మీద ఏజెంటు కోత కూడా అంతే. కాబట్టి జీతాల సూత్రం జట్ల మధ్య సమానతను కాపాడటంతో పాటు డబ్బు మితిమీరకుండా ఆపే మదుంగా కూడా పనిచేస్తుంది. సూత్రాన్ని కాస్త బిగిస్తే జట్ల దగ్గర మిగులు తగ్గి ధరలు పడిపోతాయి, వదులు చేస్తే ఎగబాకుతాయి. ఆట నిర్వాహకులు ఒక రిజర్వు బ్యాంకు పాత్ర పోషిస్తున్నారన్నమాట. ఈ పని ఎంత గంభీరమైనదో గుర్తించి ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ తన ఈవ్ ఆన్‌లైన్ ఆట కోసం 2007లో ఎయోల్ఫుర్ గుద్‌ముంద్‌సన్ అనే ఆర్థికవేత్తనే కొలువులో పెట్టుకుంది.

ఏజెంటు కోత మీద మేనేజర్లకు కోపం ఎక్కువ. కొన్న కొద్దిరోజుల్లోనే అమ్మితే అమ్మకం సొమ్ములో పెద్ద ముక్క పోతుంది, ఎక్కువ కాలం అట్టిపెట్టుకుంటే కోత తగ్గుతుంది. నాకు ఈ నియమం సబబే అనిపిస్తుంది. డయాబ్లో 3 ఆటలో వేలంపాటను పెట్టి, ఆయుధాలను ఆడి సంపాదించడం కన్నా కొనడమే సులువైపోయి, ఆట రుచే చెడుతోందని 2014 మార్చిలో దాన్ని పూర్తిగా మూసేశారు. కొని అమ్మడమే లాభసాటి అయితే బాస్కెట్‌బాల్ జట్టు నడపాలని ఎవరికి ఉంటుంది? కోత లేకపోతే రోజంతా తెర ముందు కూర్చోగలిగినవాడే ఛాంపియన్. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం అరగంట చూసుకునేవాడికి ఆ నియమమే రక్ష.

ఎన్‌బీఏలో ఉన్నట్టు ఇక్కడా జీతాలకు పరిమితి పెట్టాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. శాతం లెక్కన ఎగబాకే జీతం ఆ పనిని ఇప్పటికే చేస్తోంది, అదీ తప్పొప్పులు మేనేజరుకే వదిలేసి. మితిమీరిన జట్టును ఎవరూ ఆపరు, దాని జీతాల పట్టికే దాన్ని నేలకు దించుతుంది.

మీరు ఈ ఆట మొదలుపెట్టబోతుంటే, లేదా ఇప్పటికే ఆడుతూ ఖాతా ఎందుకు తరుగుతోందో తెలియక తికమకపడుతుంటే, ఈ రాత్రి మీ జట్టు పట్టిక తెరవండి. వారం ఆదాయం ఎంత, అందులో జీతాలకే ఎంత పోతోందో రాసుకోండి. ఒక్కో ఆటగాడి పక్కన సీజను మొత్తం జీతం, ఈ రోజు అమ్మితే చేతికొచ్చే ధర, సీజను చివర రాగల ధర వేయండి. అందరికన్నా బరువుగా తేలినవాడు మీకు ఎంత ఇష్టమైనవాడైనా, అతన్ని జాబితాలో పెట్టండి. కొత్తవాడి మీద పాట ఆ తర్వాతే.